లైడార్ సర్వే కావాలి, దాని బిగింపు మన ఎదుటే తేలాలి

పెన్నా దిగువ రైతులకు, రొయ్యల సాగుదారులకు, సముద్రం ఒడ్డు పాలేల వారికి మనవి.

2021 నవంబరు వరదను ఎవరం మరిచిపోలేదు. పడుగుపాడు దగ్గర రైలుకట్టనే కోసేసిన పెన్నమ్మ చివరికి సముద్రంలో కలిసేది మన ఊళ్ల పక్కనే. విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో తీరం వెంట నేల అరచేతిలా చదును. ఇక్కడ జానెడు మెరక ఇంటిని కాపాడుతుంది, జానెడు పల్లం ముంచుతుంది. ఏ గుంట గట్టు నీళ్లకు అడ్డం పడుతోంది, ఏ మురుగు కాలువ ఎటు వాలి ఉంది అన్నది ఆ జానెడు తేడాను పట్టే మ్యాపు ఉంటేనే తేలుతుంది.

అలాంటి మ్యాపును డ్రోనుకు కట్టిన లైడార్ ఇస్తుంది. సెకనుకు లక్షల లేజరు మెరుపులు కిందికి పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నేల ఎత్తు లెక్కగడుతుంది. సరుగుడు తోపులో కూడా ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి వస్తాయి. ఫొటోలు తీసే డ్రోనుకు ఆ నేల కనపడదు. మామూలు లైడార్ కిరణం నీటి అడుగును చూడలేదు కాబట్టి కాలువలు అడుగంటే ఎండాకాలంలోనే ఈ సర్వే చేయించమని అడుగుదాం.

అయితే డ్రోను ఎగిరిందని సంబరపడితే మోసపోతాం. వంద మీటర్ల ఎత్తున పోతున్న డ్రోను, పక్కన వంద మీటర్ల దూరంలోని గట్టును కొలుస్తోందనుకోండి. లైడార్ వాలు లెక్కలో డిగ్రీలో పదో వంతు తప్పు దొర్లినా ఆ గట్టు ఎత్తు 17 సెంటీమీటర్లు తారుమారవుతుంది. మనకు కావలసిన జానెడులో చాలా భాగం అక్కడే పోయింది!

ఆ తప్పు బిగింపులో పుడుతుంది. లైడార్, దాని వంపును కనిపెట్టే ఐఎంయూ పరికరం రెండూ ఒకే గట్టి పలకకు బిగించి ఉండాలి. అదురు పట్టే రబ్బరు దిమ్మెలు ఆ పలకకూ డ్రోనుకూ మధ్య ఉండాలి. లైడార్‌కూ ఐఎంయూకూ మధ్య పెడితే ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా అదురుతాయి, లెక్క చెడుతుంది. జీపీఎస్ యాంటెనా ఐఎంయూకు ఎంత దూరంలో ఉందో మూడు దిశల్లోనూ కొలిచి రాసుకోవాలి. పైగా మనది ఉప్పుగాలి. తుప్పు పట్టని బోల్టులే వాడాలి, ప్రతి ఉదయం బిగింపు చూడాలి, లైడార్ అద్దం మీది ఉప్పు పొర తుడవాలి.

ఇది చదువుకున్న ఇంజనీర్లే తేల్చాల్సిన సంగతి అనుకోవద్దు. రేకుల గోడౌను మీదుగా డ్రోనును ఎదురెదురు దిశల్లో రెండుసార్లు పంపమనండి. రెండు విడతల కొలతల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టినప్పుడు కప్పు కొప్పు ఒకటిగా కనపడితే సరే. రెండు కొప్పులు కనపడితే ఆ సర్వేను ఒప్పుకోకూడదు. లైడార్‌ను విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష జరగాలి. డ్రోన్లను పరీక్షించడానికి ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ కేంద్రం ఉంది. టెండరు షరతులు రాసేటప్పుడు అలాంటి నిపుణుల సలహా తీసుకోమని కలెక్టరు గారిని కోరుదాం.

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టండి: గోడౌను పరీక్ష పంచాయతీ మనుషుల ఎదుటే జరగాలి, దాని ఫలితాన్ని మ్యాపుతో పాటు పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. మీ ఊళ్లో ఆ పరీక్షకు ఏ గోడౌను పనికొస్తుందో ఇప్పుడే చూసి, ఆ పేరు తీర్మానంలోనే రాయించండి.