హద్దు గీయవలసినది ఎవరు?

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. వైద్య పరీక్షల విషయంలో అది పూర్తిగా చెల్లదు. రోగం లేనివారికి ఉన్నదని చెప్పే ఫలితం నిప్పు లేని పొగ. రోగం ఉన్నవారికి లేదని చెప్పే ఫలితం పొగ రాని నిప్పు. పరీక్ష ఇచ్చేది ఒక అంకె మాత్రమే. ఎంతకు మించితే రోగమని అనుమానించాలో ఒక హద్దు గీయక తప్పదు. ఆ హద్దును దించితే మొదటి తప్పు, పెంచితే రెండవ తప్పు ఎక్కువవుతుంది.

ఈ రెండు తప్పుల పొత్తును ఒక్క చూపులో చూపేదే ఆర్.ఓ.సి. వక్రరేఖ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, రాడార్ తెరపై కనిపించిన గుర్తు శత్రువిమానమా, వట్టి అలజడియా అని తేల్చవలసిన అవసరంలో దీని మూలాలున్నాయి. నిలువు గీతపై పరీక్షకు దొరికిన రోగుల శాతాన్ని, అడ్డగీతపై అకారణంగా దొరికిన ఆరోగ్యవంతుల శాతాన్ని గుర్తిస్తారు. ఒక్కొక్క హద్దుకు ఒక్కొక్క చుక్క. చుక్కలను కలిపితే వక్రరేఖ. అది ఎడమవైపు పైమూలకు ఎంత చేరువైతే పరీక్ష అంత మేలైనది.

నేడు కంప్యూటర్ ఈ రేఖను క్షణంలో గీసి, "ఉత్తమమైన హద్దు ఇదీ" అని చెప్పగలదు. తరచుగా దానికి ఆధారం 1950లో యూడెన్ ప్రతిపాదించిన సూచిక. పై రెండు శాతాల మధ్య తేడా ఎక్కడ గరిష్ఠమో అక్కడే హద్దు. ఆ "ఉత్తమం" అన్న మాటతోనే నాకు పేచీ. ఈ సూచిక రెండు తప్పులనూ ఒకే తూకం వేస్తుంది. రోగం జనంలో ఎంత అరుదో పట్టించుకోదు. వెయ్యిమందిలో పదిమందికే రోగం ఉన్నదనుకుందాం. రోగులలో నూటికి 90 మందిని పట్టుకొని, ఆరోగ్యవంతులలో నూటికి 90 మందిని విడిచిపెట్టే పరీక్ష సైతం తొమ్మిదిమంది రోగులతోపాటు 99 మంది ఆరోగ్యవంతులను బెదరగొడుతుంది.

ఇది మన ఇళ్లకు దూరమైన సంగతి కాదు. బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో తీసుకొని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె 25 దాటినవారికి మధుమేహ పరీక్ష చేయాలన్నది అమెరికాలో వాడుక. దక్షిణాసియా సంతతివారితో సహా ఆసియా అమెరికన్లపై 2015లో వెలువడిన ఒక అధ్యయనం, ఆ హద్దు పెడితే మధుమేహం ఉన్నవారిలో నూటికి 36 మంది తప్పిపోతారనీ, 23కు దించితే తప్పిపోయేవారు 15 మందేననీ తేల్చింది. దించినందువల్ల అనవసరంగా పరీక్షకు వెళ్లేవారు పెరుగుతారు, నిజమే. కాని రక్తపరీక్ష చౌక, సులభం; గుర్తించని మధుమేహం కళ్లను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అదే ఏడు ఆసియా సంతతివారికి 23ను హద్దుగా సిఫారసు చేసింది. ఇది లాభనష్టాలు బేరీజు వేసిన మనుషుల తీర్పు. పరీక్ష తరువాతి మెట్టు శస్త్రచికిత్స అయిన చోట ఇదే తర్కం హద్దును పైకి జరపమని చెప్పవచ్చు.

అందుచేత గణాంకశాస్త్రం అభ్యసిస్తున్న మన పిల్లలకు నాదొక మనవి. కంప్యూటర్‌ను హద్దు అడగడానికి ముందు, ఒక రోగిని వదిలితే కలిగే నష్టమెంతో, ఒక ఆరోగ్యవంతుని బెదరగొడితే కలిగే నష్టమెంతో కాగితంపై వ్రాసుకోండి. పెద్దలకు మరొక మనవి. మీ అంకె 23 దాటి 25 లోపుంటే, ఒళ్లు సన్నగానే ఉన్నదని ఊరుకోక, చక్కెర పరీక్ష గురించి వైద్యుని మీరే అడగండి.