గుప్పెడు కణాలు ద్రవమవుతాయా?

ద్రవం అనిపించుకోవడానికి ఎన్ని కణాలు ఉండాలి? తరగతిలో పిల్లలెవరైనా అడిగితే మనం నవ్వి ఊరుకుంటాం. జెనీవా దగ్గరి సెర్న్‌లో మాత్రం ఈ ప్రశ్నతోనే 2025 జూలైలో తొలిసారి ఆక్సిజన్ కేంద్రకాలను, తర్వాత నియాన్ కేంద్రకాలను ఢీకొట్టించారు.

అమెరికాలోని బ్రూక్‌హేవన్ శాస్త్రజ్ఞులు బంగారు కేంద్రకాల ఢీలో పుట్టే క్వార్క్-గ్లువాన్ పదార్థం వాయువులా కాక, దాదాపు జిగట లేని ద్రవంలా ప్రవహిస్తోందని 2005లో ప్రకటించారు. రెండు కేంద్రకాలు కాస్త పక్కకు తగిలితే మధ్య భాగం బాదంగింజలా ఉంటుంది. సన్నటి వైపు ఒత్తిడి తేడా ఎక్కువ కాబట్టి అటే ఎక్కువ కణాలు ఎగురుతాయి. బంగారంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 197 ఉంటాయి. అంత గుంపు ప్రవహించిందంటే నమ్మవచ్చు.

చిక్కు 2010లో వచ్చింది. సెర్న్‌లోని సీఎంఎస్ బృందానికి ఒట్టి ప్రోటాన్ల ఢీలలో కూడా, కణాలు బాగా ఎక్కువ పుట్టినప్పుడు, అలాంటి పొందికే కనబడింది. ఇది ప్రవాహమా, లేక ఢీకి ముందే గ్లువాన్లలో ఉన్న పొందికా? తేల్చడానికి బ్రూక్‌హేవన్‌లోని ఫీనిక్స్ బృందం ఓ చక్కని ఉపాయం పన్నింది. గుండ్రటి ప్రోటాన్‌ను, పొడుగాటి డ్యుటెరాన్‌ను, ముక్కోణపు హీలియం-3ను విడివిడిగా బంగారానికి ఢీకొట్టించింది. ఎగిరిన కణాల తీరు ఆ ఆకారాలను అనుసరించిందని 2018లో చెప్పింది. అదే ప్రయోగశాలలోని స్టార్ బృందానికి మాత్రం ముక్కోణపు ప్రవాహంలో అంత తేడా కనబడలేదు! ప్రోటాన్ లోపలి ఎగుడుదిగుడులు కారణం కావచ్చని వారి వాదన.

మాకు ఇంకో లోటు పెద్దదిగా తోస్తుంది. నిజంగా ద్రవమే ఉంటే, అందులోంచి దూసుకుపోయే కణాలు శక్తి కోల్పోవాలి. సీసం ఢీలలో అది స్పష్టం. ప్రోటాన్-సీసం ఢీలలో ప్రవాహపు గుర్తులున్నాయి కానీ ఈ నష్టం తేలలేదు. అందుకే నడుమ పరిమాణం కావలసి వచ్చింది: ఆక్సిజన్‌లో ఉండేవి 16, నియాన్‌లో 20. ఆక్సిజన్ ఢీలలో వేగమైన కణాలు తగ్గాయని సీఎంఎస్ 2025లోనే వెల్లడించింది. ప్రవాహాన్ని కొలిచిన బృందాల్లో ఆలిస్ ఒకటి. ఒడిశాలోని మన బడులకు దగ్గరి భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ అందులో భాగస్వామి. నియాన్ కేంద్రకం గుండ్రంగా కాక కాస్త సాగినట్టు ఉంటుంది. ప్రవాహం లెక్కల్లోనూ ఆ ఆకారపు జాడ తగిలింది.

కాబట్టి ఆక్సిజన్ దాకా ద్రవమనడానికి ఇప్పుడు బలం పెరిగింది. ప్రోటాన్ల ఢీల గురించి పిల్లలు అడిగితే, తగవు ఇంకా నడుస్తోందనే చెప్పాలి.