నిప్పును కోరే అడవి

కార్చిచ్చు అడవికి ఆగర్భశత్రువని లోకం నమ్మిక. కాని అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు ఉత్తర ప్రాంతంలో, నిప్పు సోకకపోతే క్షీణించే అడవి ఒకటి ఉన్నది.

హిమయుగాంతంలో కరిగిన మంచుగడ్డల నీరు అక్కడ ఇసుకను మేటలు వేసి పోయింది. కురిసిన వాన ఆ నేలలో నిలువదు, సారమూ స్వల్పమే. పెక్కు వృక్షాలు బ్రతుకలేని ఆ ఇసుకలో జాక్ పైన్ అనే చెట్టు గుంపులు గుంపులుగా పెరుగుతుంది. దాని కాయలలో చాలా వాటిని జిగురు బిగించి ఉంచుతుంది. అవి ఏళ్ళ తరబడి కొమ్మలనే అంటిపెట్టుకొని ఉంటాయి. సుమారు 50 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలితే జిగురు కరిగి, రెక్కలు విచ్చుకొని, గింజలు రాలుతాయి. పొదలూ ఆకుచెత్తా కాలిపోగా ఎండ తగిలే నేలలో అవి సులువుగా మొలకెత్తుతాయి. తల్లిచెట్టు దగ్ధమైన చోటనే పిల్లచెట్లు తలయెత్తుతాయన్నమాట.

ఈ లేత అడవినే నమ్ముకొన్న చిన్న పక్షి కిర్ట్‌లాండ్ వార్బ్లర్. దాని రొమ్ము పసుపుపచ్చన. బరువు సాధారణంగా 12 నుండి 16 గ్రాములు. చలికాలం బహామా దీవులలో గడిపి, వసంతంలో మిచిగన్ చేరుతుంది. సుమారు 5 నుండి 20 ఏళ్ళ వయసుగల పైన్ చెట్ల క్రింద, నేలను తాకే కొమ్మల చాటున గూడు కడుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకిపోవడం వల్ల గూటికి ముంపు ఉండదు. చెట్లు ఎదిగి క్రింది కొమ్మలు ఎండిపోతే పక్షి ఆ చోటు విడిచిపోతుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో మానవుడు కార్చిచ్చులను అదుపు చేయసాగాడు. లేత అడవి తరిగిపోయింది. దానికి తోడు, కాకిగూటిలో కోకిలవలె, కౌబర్డ్ అనే పక్షి వార్బ్లర్ గూళ్ళలో గుడ్లు పెట్టసాగింది. 1961లో పాడే మగపక్షులు 502 ఉండగా, 1971 నాటికి 201 మాత్రమే మిగిలాయి. 1972 నుండి కౌబర్డులను బోనులలో పట్టి తొలగించారు. పతనం ఆగింది గాని సంఖ్య పెరగలేదు. 1987లో లెక్కకు వచ్చినవి 167.

పక్షికోసం అడవిని కావాలనే కాల్చే ప్రయత్నాలూ జరిగాయి. 1980 మే 5న మాక్ లేక్ వద్ద అట్టి మంట అదుపు తప్పి సుమారు 24,000 ఎకరాలను దహించింది. 44 ఇళ్ళు, కట్టడాలు బూడిదయ్యాయి. అటవీశాఖ ఉద్యోగి ఒకరు అసువులు బాశారు. పదేళ్ళు గడిచేసరికి అదే నేలలో మొలిచిన పైన్ చెట్ల నడుమ వార్బ్లర్లు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకొన్నాయి. పక్షికి కలిసివచ్చిన ఆ మంటకు మనుష్యులు చెల్లించిన మూల్యం మాత్రం తీరేది కాదు.

జనావాసాల చెంత నిప్పును నమ్మరాదు. కనుకనే ముదిరిన చెట్లను నరికి, లేత మొక్కలను నాటే పద్ధతి ప్రధానమయింది. 2001లో మగపక్షుల సంఖ్య వెయ్యి దాటింది. 2019లో ఈ పక్షిని విపత్తులో ఉన్న జాతుల జాబితా నుండి తొలగించారు. అయినా బాధ్యత తీరలేదు. నేడు నాటిన మొక్క ఇరవై ఏళ్ళకు పక్షికి పనికిరాకుండా పోతుంది. అందువల్ల నాటే చేయి ఏ ఏడూ ఆగరాదు. ఒకప్పుడు నిప్పు తనంతట తాను చేసిన పని ఇప్పుడు మానవుని వంతయింది.