చిన్న తిరుపతి లడ్డూ, మా బ్రూనో గాడు

ద్వారకా తిరుమల వెళ్లొచ్చి, లడ్డూ కవరు సోఫా మీద పడేసి ఆఫీసు కాల్ ఎత్తా. తిరిగి చూస్తే కవరు చిరిగి ఉంది, బ్రూనో మూతి నాక్కుంటున్నాడు. 'స్వామి ప్రసాదమేగా, ఏం అవదులేరా' అంది అమ్మమ్మ. ప్రసాదమే, కానీ అందులో కిస్‌మిస్ ఉందే!

ద్రాక్ష, కిస్‌మిస్ తింటే కుక్కల కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఎన్ని తింటే ప్రమాదమో లెక్క లేదు. ఒకటి గుప్పెడు మింగినా హాయిగా తిరుగుతుంది, ఇంకోటి కాసినికే పడిపోతుంది. వాటిలోని టార్టారిక్ యాసిడే కారణం కావొచ్చని 2021లో అమెరికా వెటర్నరీ డాక్టర్లు చెప్పారు.

వాంతులయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించే చిట్కా అసలే వద్దు, అదీ ప్రాణం మీదికి తెస్తుంది. మావాణ్ని గంటలో తీసుకెళ్లాం. ఇంజెక్షన్‌తో కక్కించి, సెలైన్ పెట్టారు. బతికిపోయాడు.

ఇప్పుడు రోజూ 'వదిలెయ్' నేర్పిస్తున్నా. గుప్పిట్లో బిస్కెట్ దాచి మూతి ముందు పెడతా. నాకి, గోకి, విసుగొచ్చి మూతి వెనక్కి తీసుకోగానే రెండో చేత్తో ఇంకోటిస్తా. నెల పట్టింది. అమ్మమ్మ ఒడిలో పప్పన్నం ముద్ద కనిపిస్తే మాత్రం ఇంకా ఏదీ గుర్తుండదు వాడికి.

లడ్డూలు ఇప్పుడు ఫ్రిజ్‌లో.