గీజర్‌ని ‘డైరెక్ట్’ చేయించకండి

తలనిండా షాంపూ నురగ. కళ్లు మూసుకుని షవర్ కింద నిలబడ్డారు. ఉన్నట్టుండి వేడినీళ్లు కాస్తా చన్నీళ్లయిపోయాయి. నురగ తుడుచుకుని గోడవైపు చూస్తే గీజర్ మీద ఎర్రలైటు లేదు. ఇప్పుడు మొదట చేయాల్సింది ఏంటో తెలుసా? దాన్ని ముట్టుకోకపోవడం. తడిచేత్తో స్విచ్చు టకటకా కొట్టడం, ప్లగ్గు ఊపి చూడటం అస్సలు వద్దు. చన్నీళ్లతోనే కానిచ్చేసి, ఒళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని బయట మెయిన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ఎంసీబీ కిందికి పడిందా, లేదా అన్నదాన్ని బట్టే మిగతా కథంతా.

లైటు వెలుగుతూనే ఉండి, నీళ్లు మాత్రం గోరువెచ్చగా వస్తున్నాయంటే చాలాసార్లు గీజర్ తప్పేమీ ఉండదు. వోల్టేజీ పడిపోయి ఉంటుంది. వెనకటి గుండు బల్బులున్నప్పుడు లో వోల్టేజీ కంటికి కనిపించేది, బల్బు దీపంలా మినుకుమినుకుమనేది. ఇప్పటి ఎల్ఈడీలు 180 వోల్టులకైనా అదే వెలుగిస్తాయి కాబట్టి మనకు తెలీదు. ఫ్యాన్ వైపు చూడండి, నీరసంగా తిరుగుతుంటే అదే సంగతి. 230 వోల్టుల దగ్గర 3000 వాట్లు లాగే ఇన్‌స్టంట్ గీజర్, 180కి వచ్చేసరికి సుమారు 1840 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ అయిదో వంతుకు పైగా తగ్గితే వేడి దాదాపు నలభై శాతం పోతుందన్నమాట. కుళాయి కాస్త సన్నగా తిప్పుకోండి, వేడి పెరుగుతుంది. రోజూ ఇదే బాధైతే 1912కి ఫోన్ చేయండి. మెకానిక్‌కి మాత్రం కాదు.

ప్లగ్గు సంగతీ చూడాలి. 3000 వాట్లంటే 13 ఆంపియర్లు. దాన్ని ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్‌కి కన్వర్టర్ తగిలించి వాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. మెయిన్ ఆపాక ప్లగ్గు పీకి చూడండి. పిన్నుల దగ్గర గోధుమరంగు మచ్చ, కాలిన ప్లాస్టిక్ వాసన ఉంటే సాకెట్టూ ప్లగ్గూ రెండూ మార్చాల్సిందే.

ఇక అసలు విషయానికొస్తాను. మాది వల్లూరు. ఒకప్పుడు కాయస్థ అంబదేవుడు ఏలిన చోటు, పక్కనే పెన్న ఒడ్డున పుష్పగిరి. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో బోరు నీళ్లు మాత్రం సున్నం కలిపినట్టుంటాయి. ఉండవా మరి! మా జిల్లా నేలలో ఎక్కడ చూసినా సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది అందుకే, ఇళ్లల్లో మనం పరుచుకునే నాపరాయీ అదే. ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే నీళ్లను కాస్తే అందులోని సున్నం విడిపోయి కాయిల్ చుట్టూ గార కడుతుంది. కాయిల్ వేడి నీళ్లలోకి పోలేక లోపలే ఉడుకుతుంది. అట్లా మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపడానికి గీజర్లో కటౌట్ అని చిన్న భాగం ఉంటుంది. కొన్నిట్లో అది చల్లారాక దానంతటదే కలుస్తుంది. కొన్నిట్లో మూత విప్పి ఎర్ర బొత్తాం నొక్కాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

లండన్లో ఎమ్మెస్ చేస్తున్న మా పిన్ని కొడుకు మొన్న వీడియో కాల్ చేశాడు. వాళ్ల షవర్‌లోనే హీటర్ ఉంటుంది, తొమ్మిది, పది కిలోవాట్లది, మన గీజర్‌కి మూడింతలు. నాలుగు నిమిషాలు బాగానే వచ్చి ఆగిపోతోందట. కాసేపయ్యాక మళ్లీ మామూలే. “షవర్ మూతి విప్పి చూడు రా” అన్నాను. సగం రంధ్రాలు తెల్లగా పూడుకుపోయున్నాయి. నీళ్లు తక్కువ పారేసరికి ఉన్న నీళ్లు మరీ వేడెక్కి కటౌట్ పనిచేస్తోంది. లండన్ కింద సుద్దరాయి, మా కింద నాపరాయి. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టమన్నాను, తెల్లారేసరికి బాగైంది. మనకు మిద్దె మీద ట్యాంకు అడుగంటినా ఇదే జరుగుతుంది. కాబట్టి గీజర్ విప్పించే ముందు మిద్దెక్కి ఒకసారి ట్యాంకులో తొంగిచూడండి.

పోయిన చలికాలం మా ఇంట్లో 15 లీటర్ల గీజర్ రోజు మార్చి రోజు ఆగిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయప్ప మూత విప్పి చూసి ఒక్క మాటలో తేల్చేశాడు.

“ఏం లేదప్పా, కటౌట్ సతాయిస్తా ఉండాది. రెండు వైర్లు కలిపి డైరెక్ట్ జేసేస్తా. ఇంగ ఎప్పటికీ ఆగదు.”

నాకు భయం వేసింది ఆ ‘ఎప్పటికీ ఆగదు’ అన్నదానికే. థర్మోస్టాట్ మొరాయించిన రోజున ఆపేవాడుండడు. నీళ్లు మరిగి, ట్యాంకులో ఒత్తిడి పెరిగి, అంతా ఒక్క సేఫ్టీ వాల్వ్ మీద ఆధారపడుతుంది. మా నీళ్లకి అది కూడా గార పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. లేదా కాయిల్ పైగొట్టం వేడికి చిట్లి, కరెంటు నేరుగా నీళ్లలోకే రావచ్చు.

“అన్నా, ముందు కాయిల్ బయటికి తీసి చూపించు” అన్నాను. తీశాడు. స్పానర్‌తో తడితే పెంకులు పెంకులుగా రాలింది. “ఇదేంది, కాయిలా సున్నపుబట్టీనా!” అని ఆయప్పే నవ్వాడు. కాయిల్ మార్చాడు, ట్యాంకు కడిగాడు, కటౌట్‌ని దాని చోటనే ఉంచాడు. ఇంతవరకూ మళ్లీ ఆగలేదు.

2022 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కొత్తగా పెళ్లయిన యువ జంట బాత్రూమ్‌లో చనిపోయారు. గీజర్ షాకే కారణమని వార్తలొచ్చాయి. అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే, ‘ఎంసీబీ ఎందుకు పడలేదు?’ అని. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చెప్పలేను కానీ, ఎంసీబీ ఉన్నది మనిషి కోసం కాదు, వైరు కోసం. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి పారితేనే పడుతుంది. మనిషి గుండె ఆగిపోవడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లు లీకైతే చాలు, కన్నుమూసి తెరిచేలోగా పడిపోతుంది. అంటే ఎంసీబీ కంటే అయిదొందల రెట్లు సున్నితం. మీ ఇంటి బోర్డులో ‘టి’ అని రాసిన చిన్న బొత్తాం ఉన్న స్విచ్చు ఉందేమో చూడండి. లేకపోతే కొత్త ఫోన్‌కి ముందు అది కొనండి. గీజర్ ఆన్ చేయగానే అదే పడిపోతోందంటే లోపల లీకేజీ ఉన్నట్టే. మళ్లీ మళ్లీ పైకెత్తకండి, ప్లగ్గు పీకేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్త్ కూడా అడిగి చూపించుకోండి. మా వైపు కొత్త ఇళ్లల్లోనూ మూడో పిన్ను రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరే ఉండదు. వైరున్నా గుంతలో తడి ఉండదు. రాతినేల, ఆపైన మా ఎండలు. గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి మూసేశాక మళ్లీ దాని వైపు చూసేవాళ్లెవరు? ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మది. తులసికోటకు పోసి, మిగిలింది అక్కడ పోస్తుంది.