సగంలో ఆగిన లెక్క

మా వీధి వసారాలో మొదలైన వాదమేదీ భోజనాల వేళకు ముందు తెమలదు. మొన్న ఆదివారం వాదానికి విత్తనం వేసినవాడు మా మేనల్లుడు. వాడికి పాత బాక్సింగు పోటీలంటే ప్రాణం. సెల్‌ఫోనులో ఒకటి చూస్తూ, "మావయ్యా! యితగాడే బతికివుంటే ప్రపంచంలో యింతవాడు లేడనిపించుకునేవాడు" అన్నాడు.

"యెవర్రా?" అన్నాను, దిద్దుతున్న పేపర్లు పక్కనపెట్టి.

"సాల్వడార్ శాంచెజ్."

కాఫీ తెచ్చిన మా ఆవిడ, బాక్సింగును తెలుగులో యేమంటారని అడిగింది. "ముష్టియుద్ధం" అన్నాను.

"ముష్టికోసం కూడా యుద్ధాలేనా!" అని గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది. నిఘంటువులో అర్థం ఒకటి, వంటింట్లో అర్థం మరొకటి. యెం.యే. చదివినా రెండోదాన్ని కాదనే ధైర్యం నాకు లేదు.

శాంచెజ్ మెక్సికోవాడు. 1959లో పుట్టాడు. 1980 ఫిబ్రవరిలో డానీ లోపెజ్‌ను ఓడించి ఫెదర్‌వెయిట్, అంటే 126 పౌన్లకు మించనివారి తరగతిలో ప్రపంచ ఛాంపియన్ అయినాడు. ఆ బిరుదును తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. 1982 ఆగస్టు 12న కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి వయస్సు 23. ఆడినవి 46 పోటీలు. గెలిచినవి 44, ఓడినది ఒకటి, సమానమైనది ఒకటి.

యిదంతా విని, పక్కింటి లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన రిటైరయినా లెక్కలు రిటైరు కాలేదు.

"అదే దేశంవాడు జూలియో సీజర్ చావెజ్ 107 పోటీలు గెలిచాడు. 1980 నుంచి 2005 దాకా బరిలో కనిపించాడు. 107 యెక్కడ, 44 యెక్కడ? మూడు గంటల పరీక్షలో గంటకే లేచిపోయినవాడికి మీరు ఫస్టు క్లాసు యిస్తారా, లెక్చరరు గారూ?"

"లేచిపోలేదు మాస్టారూ, లాక్కుపోయారు" అన్నాడు మావాడు.

యిద్దరూ నావైపు చూశారు. నాకు యిద్దరి లెక్కా నచ్చలేదు.

మావాడు రాయని జవాబులకు కూడా మార్కులు వేస్తున్నాడు. బతికివుంటే యేమయ్యేదో యెవరు చెప్పగలరు? మహమ్మదాలీని చూడండి. 1967లో సైన్యంలో చేరనన్నందుకు బిరుదు లాగేశారు. మూడున్నరేళ్లు బరికి దూరమైనాడు. తిరిగివచ్చి 1974లో జార్జి ఫోర్‌మన్‌ను పడగొట్టి మళ్లీ ఛాంపియన్ అయినాడు. బాగానే వుంది. కాని ఆ ఆలీయే 1980లో లారీ హోమ్స్ చేతిలో, 1981లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడి యింటికి వెళ్లాడు. "బతికివుంటే" అనేవాళ్లు 1974నే వూహిస్తారు కాని 1980ని వూహించరు.

మాస్టారి లెక్కలోనూ లోపం వుంది. చావెజ్ తొలి 90 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. ఆయన ఆరు ఓటములూ ఆ తర్వాతివే. కాలం గెలుపులనే కాదు, ఓటములనూ తెచ్చిపెడుతుంది. శాంచెజ్‌కు ఆ 107 రాలేదన్నప్పుడు, ఆ ఆరూ రాలేదని కూడా ఒప్పుకోవాలి. అందుకని అతని చిట్టా శుభ్రంగా వుందని మురిసిపోవడమూ తప్పే. అందులో కొంత మృత్యువు చలవ.

మరి దేన్ని కొలవాలి? యెవరితో తలపడ్డాడో చూడాలి. 1981 ఆగస్టులో విల్‌ఫ్రెడో గోమెజ్ వచ్చాడు. అప్పటికి అతను 32 పోటీలు గెలిచాడు. 32 లోనూ ప్రత్యర్థి చివరిదాకా నిలవలేదు. అటువంటివాణ్ణి శాంచెజ్ మొదటి రౌండులోనే కింద పడేశాడు, యెనిమిదో రౌండులో ముగించాడు.

మరుసటి సంవత్సరం జూలై 21న న్యూయార్కులో అజుమా నెల్సన్ అనే ఘానా యువకుడు యెదురైనాడు. రావలసినవాడు రాకపోతే బదులుగా వచ్చినవాడు. అంతకుముందు 13 పోటీలే ఆడాడు. వాణ్ణి ఆపడానికి ఛాంపియన్‌కు పదిహేనో రౌండు దాకా పట్టింది. ఆనాడది కొత్త కుర్రవాడిమీద చెమటోడ్చి గెలిచిన గెలుపు, అంతే. సరిగ్గా 22 రోజులకు శాంచెజ్ లేడు.

కాని 1984లో ఆ కుర్రవాడే గోమెజ్‌ను ఓడించి, శాంచెజ్ వదిలిపోయిన ఆ బిరుదునే చేజిక్కించుకున్నాడు. రెండు తరగతుల్లో ఛాంపియన్ అయినాడు. జనం అతనికి పెట్టిన ముద్దుపేరు "ప్రొఫెసర్". అప్పుడు కదా ఆ పదిహేను రౌండ్ల విలువ తెలిసింది! యిది రాయని జవాబుకు వేసిన మార్కు కాదు. రాసిన జవాబే, దిద్దేవాడికి ఆలస్యంగా అర్థమయింది.

భారతంలో భీష్ముడు యుద్ధానికి ముందే వీరులను లెక్కించి కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు. కర్ణుడు మండిపడ్డాడు. అభిమన్యుణ్ణి మనం అలా తూచం. పద్మవ్యూహంలో ఆ ఒక్కనాడు యేం చేశాడో, అతన్ని పడగొట్టడానికి యెందరు కూడవలసి వచ్చిందో చెప్పుకుంటాం. బతికివుంటే యెన్ని యుద్ధాలు గెలిచేవాడని యెవరడిగారు?

యింత వుపన్యాసం దంచాక కూడా నా మనస్సు స్థిమితపడలేదు. చాలాయేళ్ల కిందటి సంగతి. బి.యే. రెండో యేడు చదువుతున్న కుర్రవాడొకడు తండ్రి పోయి చదువు మానేశాడు. వుద్యోగానికి పనికొస్తుంది, నాలుగు ముక్కలు రాసివ్వమని నా దగ్గరికి వచ్చాడు. "రెండు సంవత్సరాలు చదివెను. కోర్సు పూర్తిచేయలేదు" అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం లేదు. వాడు చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఆ రెండేళ్లలో వాడు మావూళ్లూ పొరుగూళ్లూ తిరిగి ముసలమ్మల దగ్గర దంపుళ్లపాటలు, లాలిపాటలు సేకరించి ఒక నోటుబుక్కు నింపి నాకిచ్చాడు. ఆ మాట ఆ కాగితంలో రాయడం నాకు తట్టనే లేదు. నేటికీ యేటా క్లాసులో ఆ పాటలే చెబుతున్నాను.

"అయితే మీ శాంచెజ్‌కు యెన్ని మార్కులు?" అన్నారు మాస్టారు, వదలకుండా.

"రాసినంతవరకూ పూర్తిగా" అన్నాను.

"మొత్తం యెంతకు?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. లోపల విస్తళ్లు వేస్తున్న చప్పుడు నన్ను రక్షించింది. భోజనమయ్యాక బీరువా తీసి ఆ నోటుబుక్కు వెతికాను. అట్టమీద "జానపద గేయాలు" అని నా దస్తూరీలోనే వుంది. కింద వాడి పేరు లేదు. కలం తీసి రాశాను. నిరుడొక పెళ్లిలో వాడు కనిపించి యింటి చిరునామా యిచ్చాడు. ఆ కాగితం కూడా యెక్కడో వుండాలి. యీ ఆదివారం దాన్ని వెతకాలి.