పోలియో సొమ్ము ఎబోలాను ఆపింది!

పల్స్‌ పోలియో ఆదివారాలు మన ఇళ్లలో అందరికీ అలవాటే. పొద్దున్నే బూత్‌కి వెళ్లి పసివాళ్లకు చుక్కలు వేయించడం, వేలికి గుర్తు పెట్టించుకోవడం... మర్నాడు కార్యకర్తలు ఇంటికే వచ్చి ‘అయిదేళ్లలోపు పిల్లలున్నారా?’ అని అడిగి, గోడమీద సుద్దముక్కతో గుర్తేసి వెళ్లడం... చూడ్డానికి చాలా చిన్నపని. కానీ ఆ తలుపుతట్టే అలవాటే ఓ దేశాన్ని పెద్ద గండం నుంచి గట్టెక్కించిందంటే నమ్ముతారా? ఆ దేశం నైజీరియా. ఆ గండం ఎబోలా.

2014 జులై 20న లైబీరియా నుంచి వచ్చిన పాట్రిక్‌ సాయర్‌ అనే ప్రయాణికుడు లేగోస్‌ విమానాశ్రయంలో కుప్పకూలిపోయాడు. అప్పుడు ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉన్నారు. దాంతో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ముందు మలేరియా అనుకున్నారు. అక్కడి సీనియర్‌ డాక్టర్‌ అమేయో స్టెల్లా అడడెవోకు మాత్రం అనుమానం వచ్చింది. ఆమె అంతకుముందు ఎబోలా రోగిని చూసి ఎరగరు. అయినా రక్తం తీయించి పరీక్షకు పంపారు. రోగిని పంపించెయ్యమని లైబీరియా అధికారుల నుంచి ఒత్తిడి వచ్చినా ససేమిరా అన్నారు. అయిదు రోజులకు అతను చనిపోయాడు. ఆగస్టు 19న అదే జబ్బుతో ఆమె కూడా కన్నుమూశారు.

లేగోస్‌ అంటే దాదాపు రెండు కోట్లమంది ఉండే మహానగరం. ఇరుకు వాడలు, కిక్కిరిసిన బస్సులు. అలాంటిచోట ఎబోలా పాకితే ఏమవుతుందో తలచుకుంటేనే ప్రపంచానికి ముచ్చెమటలు పట్టాయి. తీరా చూస్తే... నైజీరియా మొత్తంమీద జబ్బు సోకింది 20 మందికి. పోయినవి 8 ప్రాణాలు. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశంలో ఎబోలా లేదని ప్రకటించింది. అదే గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 2016లో ఆ మహమ్మారి ముగిసేసరికి 28 వేలమందికి పైగా దాని బారిన పడ్డారు. 11 వేలమందికి పైగా చనిపోయారు.

ఎందుకింత తేడా?

తలుపుతట్టిన చేతులే...

నైజీరియా దగ్గర ప్రత్యేకమైన మందేమీ లేదు. ఎబోలాకి అనుమతి పొందిన టీకాగానీ చికిత్సగానీ అప్పటికి ప్రపంచంలోనే లేవు. ఆ దేశం దగ్గరున్నదల్లా పోలియో కోసం కట్టుకున్న యంత్రాంగం. 2012లో పోలియో పీడిత దేశాల జాబితాలోంచి మనదేశం పేరు తొలగిపోయింది. మిగిలినవి మూడే: పాకిస్థాన్‌, అఫ్గానిస్థాన్‌, నైజీరియా. ఆ ఏడాదే నైజీరియా పోలియో కోసం అత్యవసర కార్యకలాపాల కేంద్రాన్ని పెట్టింది. గేట్స్‌ ఫౌండేషన్‌ లాంటి దాతలు గ్రాంట్లు ఇచ్చారు. ఆ డబ్బుతో వచ్చినవేమిటి? మ్యాపులు, ఫోన్లు, శిక్షణ. అన్నిటికీ మించి, ఏ ఊళ్లో ఏ గడపకి ఎవరు వెళ్లారో సాయంత్రానికల్లా లెక్కచెప్పే పద్ధతి.

ఎబోలా బయటపడగానే అదే నమూనాలో మరో కేంద్రం వెలిసింది. పోలియో కేంద్రంలో పనిచేస్తున్న డాక్టర్‌ ఫైసల్‌ షుయైబ్‌కే దాని పగ్గాలు అప్పగించారు. పోలియో పనిలో ఆరితేరిన 40 మంది డాక్టర్లు వచ్చి చేరారు. రోగిని తాకినవారు, దగ్గరగా మెలిగినవారు ఎవరెవరో జాబితా రాశారు. ఒక్కొక్కరి ఇంటికీ 21 రోజులపాటు వెళ్లడం, జ్వరం చూడటం, నమోదు చేయడం. అలా గమనించింది 894 మందిని. అందుకోసం గడప తొక్కింది సుమారు 18,500 సార్లు! జాబితాలోని ఓ వ్యక్తి కళ్లుగప్పి పోర్ట్‌ హార్‌కోర్ట్‌ వెళ్లి, ఓ డాక్టర్‌ దగ్గర రహస్యంగా వైద్యం చేయించుకున్నాడు. రోగి బతికాడు, పాపం ఆ డాక్టర్‌ పోయాడు. దాంతో ఆ ప్రాంతంలోనే మరో 500 మందికి పైగా వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకున్నారు.

డబ్బే అన్నీ చేసిందని కాదు. అడడెవో లాంటి మనిషి అడ్డంగా నిలబడకపోతే జాబితా రాసేలోపే జబ్బు వీధినపడేది. కానీ ఆమె మోగించిన గంట విని పరిగెత్తడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఆ సిద్ధంగా ఉండటానికే ఖర్చవుతుంది.

రోగం పోతే సొమ్మూ పోతుంది

గ్రాంటు అంటే తిరిగి కట్టక్కర్లేని సొమ్ము. పేదదేశాలకు అది వరమే. కానీ దానికో గడువుంటుంది, ఫలానా పనికేనన్న షరతుంటుంది. చిక్కంతా అక్కడే. 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండానికి సహజ పోలియో వైరస్‌ నుంచి విముక్తి లభించినట్లు ప్రకటించారు. పండగ చేసుకోవాల్సిన రోజే. అయితే పోలియో తగ్గేకొద్దీ పోలియో గ్రాంటూ తగ్గుతుంది. దాంతోపాటు, ఎబోలాను ఆపిన ఆ మనుషుల జీతాలూ!

ఈ కథ ఒక్క నైజీరియాది కాదు. ఎబోలా భయంతో అమెరికా 17 దేశాల ఆరోగ్య భద్రతకు అయిదేళ్లలో 100 కోట్ల డాలర్లిచ్చింది. అందులో మనదేశమూ ఉంది. భయం తగ్గింది. సొమ్ము నిండుకుంటోందని, 49 దేశాల్లోని పనిని పదింటికి కుదించే ఆలోచనలో అక్కడి సీడీసీ ఉందని 2018లో వార్తలొచ్చాయి. రెండేళ్లకే కొవిడ్‌! దాంతో మళ్లీ కదలిక. 2022లో ప్రపంచబ్యాంకు ఆధ్వర్యంలో ‘పాండమిక్‌ ఫండ్‌’ పుట్టింది. 2023లో తొలి విడతగా 37 దేశాలకు 33.8 కోట్ల డాలర్లు ప్రకటించింది. పశువుల జబ్బులపై నిఘా, ప్రయోగశాలల కోసం మనకీ 2.5 కోట్ల డాలర్లు, అంటే సుమారు 200 కోట్ల రూపాయలు దక్కాయి. పశుపక్ష్యాదుల నుంచి మనుషులకు పాకే జబ్బుల్ని ముందే పసిగట్టడం దాని ఉద్దేశం. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం కంటే అది నయమే కదా!

ఇంతలో మరో దెబ్బ. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపేసింది. జులై 1కల్లా యూఎస్‌ఎయిడ్‌ సంస్థే మూతపడింది. ఆ లోటు కొంతైనా పూడ్చుకునేందుకు నైజీరియా పార్లమెంటు తన బడ్జెట్‌లోంచే ఆరోగ్యానికి అదనంగా 20 కోట్ల డాలర్లు కేటాయించింది. నిజానికి బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికే ఇస్తామని ఆఫ్రికా దేశాలన్నీ 2001లో మాటిచ్చాయి. ఆ మాట ఇచ్చింది నైజీరియా రాజధాని అబూజాలోనే. నైజీరియా ఆ దరిదాపులకు కూడా రాలేదు.

ఏ జబ్బూ రాని ఏడాది ఈ మనుషులంతా దండగ ఖర్చులాగే కనిపిస్తారు. కానీ జబ్బు రాకపోవడం వెనక తలుపుతట్టే ఓ కార్యకర్త ఉంటుంది. ఆమెకి మొదటి జీతం దాతలు ఇస్తే ఇచ్చారు. పదో ఏడాది జీతం మాత్రం సొంత ప్రభుత్వమే ఇవ్వాలి!